సంగీతం నేర్పబోయేవారి సందేహాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్, డిప్లొమా చదువుతూ రేపో మాపో పాఠాలు చెప్పబోయేవారివి. ప్రశ్నలను కుదించి ఇస్తున్నాం. పాడటం వచ్చింది, మరి నేర్పడం వస్తుందా అన్న దిగులు అందరిలోనూ కనిపించింది. నేర్పడానికీ విడిగా సాధన చేయాలి. ఆ సాధన చదువుకునే రోజుల్లోనే మొదలుపెట్టడం మంచిది.

ప్రశ్న: డిప్లొమా రెండో ఏడు చదువుతున్నాను. వచ్చే నెల ఒక హైస్కూల్లో ఆరో తరగతికి పాఠాలు చెప్పాలి. 45 మంది పిల్లలు, 40 నిమిషాల పీరియడు. సరళి వరసలతో (స రి గ మలతో చేయించే మొదటి అభ్యాసాలు) మొదలుపెట్టాలా, పాటతోనా? క్లాసును ఎలా నడపాలో తోచడం లేదు.
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

పాటతోనే మొదలుపెట్టండమ్మా. గురువు దగ్గర కూర్చుని నేర్చుకోవాలని వచ్చిన పిల్లకు సరళి వరసలు మొదటి రోజే చెప్పొచ్చు. బడిలో 45 మందీ సంగీతం కోరి వచ్చినవాళ్లు కాదు. లెక్కల పీరియడు అయ్యాక మీ పీరియడు ఉంది కాబట్టి కూర్చున్నారు. వాళ్ల నోట మొదటి రోజే ఒక పాట రెండు లైన్లయినా పలకాలి. గమకాలు (స్వరాన్ని ఊపుతూ పలికే తీరు) పెద్దగా లేనిదీ, మాటలు సులువుగా నోరు తిరిగేదీ, స్థాయి మరీ పైకి పోనిదీ ఎంచుకోండి. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీల్లో కట్టిన చిన్న పాటలు, నొట్టుస్వరాలు, ఇందుకు బాగా పనికొస్తాయి. శంకరాభరణం రాగం స్వరాల మీద తిన్నగా నడుస్తాయి, గమకాలు దాదాపు ఉండవు. త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తనల్లోనూ ఒకరు అంటే పదిమంది అందుకునే తీరు ఉంది. వరసలను రెండో వారం నుంచి పాటకు పక్కనే, రోజూ పది నిమిషాలు మించకుండా నడపండి.

ఇక పీరియడు నడిపే పద్ధతి. పిల్లలు లోపలికి రాకముందే శ్రుతి (పాటకు ఆధారంగా ఎడతెగకుండా మోగే ధ్వని) పెట్టేయండి. గోలగోలగా వచ్చి కూర్చునేటప్పటికి గదిలో శ్రుతి మోగుతూ ఉంటే సగం పని అయినట్టే. ఫోన్‌లో శ్రుతి యాప్ పెట్టి బల్ల మీద ఉంచేస్తుంటారు చాలామంది. ఫోన్ స్పీకర్‌లో మంద్ర షడ్జం (కింది స్థాయి 'స') సరిగ్గా పలకదు, సన్నటి జుమ్మనే మోత మాత్రమే వస్తుంది. వెనక బెంచీల పిల్లలకు అదీ అందదు. బ్లూటూత్ స్పీకరు ఒకటి తీసుకెళ్లి గది మధ్యలో, పిల్లల చెవుల ఎత్తులో పెట్టండి. మొదటి అయిదు నిమిషాలూ నోరు మూసి 'మ్' అంటూ షడ్జం, తర్వాత అకారంతో స–ప–స. అంతకంటే వద్దు.

తర్వాత పాట. ముందు మీరు రెండుసార్లు పూర్తిగా పాడండి. పిల్లలు వినడమే, పెదవి కదపకూడదు. తర్వాత అర ఆవర్తనం (తాళం ఒక చుట్టులో సగం) పాడండి, ఆపండి, మళ్లీ అదే పాడండి. అప్పుడు వాళ్లు రెండుసార్లు పాడాలి. ఇక్కడే కొత్తగా పాఠం చెప్పేవారు దాదాపు అందరూ చేసే పొరపాటు ఉంది. పిల్లలు పాడుతుంటే వాళ్లతోపాటు తామూ పాడేస్తారు. సాయం చేస్తున్నామనుకుంటారు. మీరు పాడుతున్నంతసేపూ మీకు మీ గొంతే వినిపిస్తుంది. ముందు వరసలో గట్టిగా పాడే ఇద్దరు ముగ్గురు మీ గొంతును పట్టుకుని వస్తారు, మిగతా నలభై మంది పెదవులు ఆడిస్తారు. క్లాసంతటికీ వచ్చేసిందని మీరు తర్వాతి లైనుకు వెళ్లిపోతారు. రెండు వారాలయ్యాక ఎవరినైనా ఒక్కరినే పాడమంటే అసలు సంగతి బయటపడుతుంది.

పిల్లలు పాడేటప్పుడు మీరు నోరు కట్టేసుకోండి. చేత్తో తాళం వేస్తూ బెంచీల మధ్య నడవండి. ఒక్కో వరస దగ్గర రెండు క్షణాలు ఆగి వంగి వినండి. ఎవరు శ్రుతిలో ఉన్నారు, ఎవరు మాట మాత్రం చదువుతున్నారు, ఎవరు కిందికి జారుతున్నారు అని మనసులో గుర్తు పెట్టుకోండి. పీరియడు అయ్యాక హాజరు పట్టీలో పేర్ల పక్కన చిన్న గుర్తులు పెట్టుకుంటే నెల తిరిగేసరికి క్లాసు మీ చేతిలో ఉంటుంది. తప్పు వినిపిస్తే వెంటనే అరిచి ఆపొద్దు. ఆవర్తనం పూర్తి కానివ్వండి, తప్పిన ముక్కను మాత్రమే విడదీసి మీరు పాడి చూపించండి, మళ్లీ వాళ్లకు వదిలేయండి.

చివరి పది నిమిషాల్లో కిటికీ వైపు వరసలు పాడాలి, గోడ వైపు వరసలు తాళం వేయాలి, ఆ తర్వాత మారాలి. పాడనివాళ్లకు పని లేకపోతే అల్లరి అక్కడే పుడుతుంది. రోజుకు రెండు లైన్లు దాటొద్దు. మీ ప్రిన్సిపాల్‌గారు వచ్చి చూస్తున్నారని మూడో లైను మొదలుపెట్టారా, మూడూ పోతాయి.

ఇవన్నీ బడికి వెళ్లకముందే అలవాటు కావాలి. మీ హాస్టల్లో నలుగురు స్నేహితురాళ్లను కూర్చోబెట్టి, వాళ్లకు రాని పాట ఒకటి చెప్పండి, ఫోన్‌లో రికార్డు చేయండి. విన్నాక మీరు పాడిన నిమిషాలు ఎన్ని, వాళ్లు ఒంటరిగా పాడిన నిమిషాలు ఎన్ని అని లెక్కేయండి. వాళ్ల వాటా సగం కంటే తక్కువ ఉంటే పద్ధతి మార్చుకోవాలి.

ప్రశ్న: నా శ్రుతి ఒకటిన్నర (కీబోర్డులో సీ షార్ప్). మూడు, నాలుగు తరగతుల పిల్లలకు చెబుతున్నాను. నేను షడ్జం పట్టి చూపిస్తే కొందరు గొంతు బొంగురు చేసుకుని కిందికి దిగుతున్నారు, కొందరు పైన ఎక్కడో అరుస్తున్నారు. వాళ్ల శ్రుతికి నేను వెళ్లాలా?
– మహబూబ్‌నగర్

వాళ్లలో లోపం లేదండీ. మీ ఒకటిన్నర షడ్జం ఆ వయసు గొంతులో లేనే లేదు. మిమ్మల్ని ఉన్నదున్నట్టు అనుకరించబోయిన పిల్లవాడు బొంగురుగా దిగుతాడు. చెవి చురుకైన పిల్ల మాత్రం తనంతట తానే ఒక స్థాయి పైన అందుకుంటుంది. అదే సరైనది, ఆ పిల్లను మెచ్చుకోండి.

ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లలకు మామూలుగా అయిదున్నర నుంచి ఆరున్నర దాకా, అంటే కీబోర్డు భాషలో జీ షార్ప్ నుంచి ఏ షార్ప్ దాకా, షడ్జం హాయిగా ఉంటుంది. తార (పై) స్థాయిలో గాంధార మధ్యమాలు (గ, మ) తగిలే పాటలకు ఆ శ్రుతి ఉండాల్సిందే. మీలాంటి మగవారికి అది ఇబ్బంది. కింది స్థాయిలో పాడితే మంద్రం అందదు, పై స్థాయిలో పాడితే గొంతు చీలుతుంది.

సరళి వరసలకూ, మంద్ర పంచమం నుంచి తార షడ్జం లోపు తిరిగే పాటలకూ ఇంకో దారి ఉంది. శ్రుతిని ఒకటికి (సీకి) దించండి. మీరు మీ స్థాయిలో పాడండి, పిల్లలు సరిగ్గా ఒక స్థాయి పైన పాడాలి. వాళ్ల తార షడ్జం అప్పుడు కాస్త ఎత్తులో ఉంటుంది గానీ అరుపు దాకా పోదు. అయితే "ఇదిగో నేను పాడినట్టు" అని మీ గొంతుతో చూపిస్తే మళ్లీ బొంగురే వస్తుంది. షడ్జాన్ని కీబోర్డు మీదో, వయొలిన్ మీదో వాళ్ల స్థాయిలో వినిపించండి. శ్రుతి బాగా కుదిరిన పిల్ల ఒకతె ఉంటే ఆమెతో పాడించి మిగతావారిని అందుకోమనండి. పిల్ల గొంతును పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

పరీక్ష ఇలా చేయండి. ఒక్కొక్కరినీ షడ్జం నుంచి మంద్ర ధైవతం దాకా దించి, మళ్లీ తార షడ్జం దాకా తీసుకెళ్లండి. షడ్జమే గాలిగాలిగా వస్తుంటే శ్రుతి తక్కువైంది, పెంచాలి. తార షడ్జం దగ్గర మెడ నరాలు బిగిసి గడ్డం పైకి లేస్తుంటే ఎక్కువైంది, కీబోర్డు మీద ఒక మెట్టు దించాలి.

ప్రశ్న: ఎనిమిదో తరగతి అబ్బాయిలు ఇద్దరు నిన్నటిదాకా బాగా పాడేవారు. ఇప్పుడు గొంతు పగులుతోంది, నవ్వుతారని పాడటం మానేశారు.
– తెనాలి

పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య మగపిల్లల గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. అది ఒక్క రోజులో జరగదు. నెలల తరబడి పాత గొంతూ కొత్త గొంతూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆ కాలంలో తార స్థాయి పూర్తిగా మానిపించండి. నాలుగైదు స్వరాల లోపు తిరిగే ముక్కలే ఇవ్వండి. నెలకోసారి షడ్జం ఎక్కడ హాయిగా ఉందో మళ్లీ చూడండి, ఒక నెల కుదిరిన శ్రుతి ఇంకో నెల కుదరదు. క్లాసు నుంచి మాత్రం పంపేయకండి. తాళం నడిపే బాధ్యత వాళ్లకివ్వండి, మృదంగం గానీ వేణువు గానీ పరిచయం చేయడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. ఏం జరుగుతోందో ఆ పిల్లలకూ, మిగతా క్లాసుకూ నేరుగా చెప్పేస్తే నవ్వులు ఆగిపోతాయి. సిగ్గుతో ఈ వయసులో మానేసిన అబ్బాయిలు మళ్లీ పాటకు రావడం కష్టం, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాం.

ప్రశ్న: మాయామాళవగౌళ రాగంలో సరళి వరసలు చెబుతుంటే రిషభం ('రి') ఎప్పుడూ పైకి పోతోంది. రెండో కాలం, మూడో కాలం వచ్చేసరికి చెయ్యి కూడా పరుగెడుతోంది. ఈ రెండూ ఎలా సరిచేయాలి?
– సర్టిఫికెట్ చివరి ఏడు విద్యార్థి, విజయనగరం

రిషభం సంగతి ముందు. పిల్లలు రోజూ వినే సినిమా పాటల్లో, బడి ప్రార్థన గీతాల్లో చతుశ్రుతి రిషభం (షడ్జానికి రెండు మెట్ల పైన ఉండే 'రి') ఎక్కువ. చెవి దానికే అలవాటు పడింది. ఈ రాగంలోని శుద్ధ రిషభం షడ్జానికి ఒక్క మెట్టు పైన ఉంటుంది, అక్కడి నుంచి ఈ రాగంలోని 'గ' అయిన అంతర గాంధారానికి మూడు మెట్ల దూరం. నోరు ఆ పెద్ద అంగను తగ్గించుకోవడానికి రిషభాన్నే పైకి జరిపేస్తుంది. ధైవతంలోనూ అదే తప్పు జరుగుతుంది.

'స రి గ మ' మొత్తం పాడిస్తూ రిషభాన్ని దిద్దలేరు. 'స రి స' మాత్రం నెమ్మదిగా పాడించండి, స్వరానికి నాలుగు అక్షరాలు (తాళం లెక్కలు). తర్వాత 'ప ధ ప'. రెండూ ఒకే దూరమని చెవికి తెలియాలి. ఆ తర్వాత 'స ని స', అదీ ఒక్క మెట్టే. ఈ మూడూ నిలిచాక 'స రి గా' చేర్చండి, గాంధారం మీద కాస్త ఆగండి. గాంధారం స్థిరంగా ఉంటే రిషభం దానంతట అది కిందే ఉంటుంది. కీబోర్డు ఉంటే ఒకటి శ్రుతిలో చూపించండి. సీ తెల్లమెట్టు షడ్జం, దాని పక్క నల్లమెట్టు రిషభం, తర్వాత ఈ, ఎఫ్, జీ, జీ పక్క నల్లమెట్టు, చివరికి బీ, పై సీ. కంటికి కనిపించిన దూరం చెవికి త్వరగా ఎక్కుతుంది. గమకం మెట్ల మీద రాదు కాబట్టి కీబోర్డును ఈ పని వరకే వాడండి.

ఇక కాలాలు. చుట్టుకు ఎనిమిది అక్షరాలుండే ఆది తాళంలో మొదటి సరళి వరస మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం. ఆరోహణ ఒక ఆవర్తనం, అవరోహణ ఒక ఆవర్తనం. రెండో కాలంలో అక్షరానికి రెండు, మొత్తం ఒక్క ఆవర్తనంలో అయిపోతుంది. మూడో కాలంలో అక్షరానికి నాలుగు, అర ఆవర్తనానికే పూర్తవుతుంది కాబట్టి రెండుసార్లు పాడాలి. ఈ లెక్క బోర్డు మీద గళ్లు గీసి చూపించకపోతే 'కాలం' అంటే చెయ్యి కూడా వేగంగా వేయడమని పిల్లలు అనుకుంటారు.

మొదటి కాలం ఎంత హాయిగా ఉందో చూసి వేగం పెట్టుకోవడం వల్లే చెయ్యి పరుగెడుతుంది. వేగాన్ని మూడో కాలాన్ని బట్టి నిర్ణయించాలి. నిమిషానికి 60 దెబ్బలు పెట్టుకుంటే మూడో కాలంలో సెకనుకు నాలుగు స్వరాలు పలకాలి, కొత్తవాళ్ల నాలుక తడబడుతుంది. 40–45తో మొదలుపెట్టండి. మొదటి కాలం సాగుతున్నట్టు, విసుగ్గా అనిపిస్తుంది, ఓర్చుకోవాలి. స్వరాలకు ముందు అదే తాళం మీద ఒక ఆవర్తనం 'త', ఒకటి 'తక', ఒకటి 'తకదిమి' అనిపించండి. అది కుదిరాకే స్వరాలు. క్లాసులో సగం మంది పాడుతూ, సగం మంది తాళం మాత్రమే వేస్తే చెయ్యి పరుగెత్తినప్పుడు అందరికీ తెలిసిపోతుంది. లఘువులో (తాళంలో దెబ్బ కొట్టి వేళ్లు లెక్కించే భాగం) వేళ్ల లెక్క చిటికెన వేలితో మొదలవుతుందనీ, ద్రుతంలో (రెండక్షరాల భాగం) దెబ్బ తర్వాత విసురు ఉండాలనీ మొదటి వారమే అలవాటు చేయండి. తర్వాత మార్చడం చాలా కష్టం.

అలంకారాల (ఏడు తాళాల్లో చేసే స్వర అభ్యాసాలు) గురించి కూడా ఒక మాట. పుస్తకం క్రమంలో ధ్రువతాళం ముందుంది, 14 అక్షరాలు. చిన్నపిల్లలకు దాన్ని ముందే ఇస్తే లెక్క పోగొట్టుకుంటారు. ఏక తాళం 4, రూపకం 6, త్రిపుట 7 ముందు చెప్పి, మఠ్యం 10, ఝంప 10 తర్వాత, ధ్రువ, అట తాళాలు 14 చొప్పున చివర చెప్పడం తేలిక. పరీక్షకు పుస్తకం క్రమంలో ఒప్పజెప్పాల్సి వస్తే చివర్లో వరుస సర్దుకోవచ్చు.

ప్రశ్న: నా దగ్గర ఒక పాప ఉంది. ఏ స్వరం ఇచ్చినా అపశ్రుతే. వాళ్లమ్మగారు "మా పిల్లకు సంగీతం రాదేమో చెప్పేయండి" అంటున్నారు. ఏం చెప్పాలి?
– కాకినాడ

అలా చెప్పకండి. ముందు ఒక పని చేసి చూడండి. ఇంతవరకూ మీరు స్వరం ఇచ్చి ఆ పాపను అందుకోమన్నారు. ఇప్పుడు తిరగేయండి. పాపను తనకు తోచిన ఎత్తులో 'ఊ' అనమనండి. ఆ ధ్వనికి మీరు వెళ్లి కలవండి. రెండు గొంతులూ ఒకటైనప్పుడు గుండెల్లోనూ చెవుల్లోనూ వచ్చే నిలకడ ఆ పాప బహుశా మొదటిసారి వింటుంది. "కలిసిందా? ఇప్పుడు నేను కొంచెం పక్కకు వెళతాను, విను" అని కావాలని ఒక మెట్టు జరగండి, మళ్లీ వచ్చి కలవండి. కలిసినప్పుడు చెయ్యెత్తమనండి. చెయ్యి సరిగ్గా ఎత్తుతోందంటే చెవి బాగానే ఉంది, గొంతు మీద పట్టే ఇంకా రాలేదు. అక్కడి నుంచి ఒక్కో మెట్టు పైకి జరుగుతూ వెంట రమ్మనండి. రోజుకు రెండు నిమిషాలు చాలు, మిగతా పిల్లల ముందు వద్దు.

కూర్చునే చోటు కూడా మార్చండి. శ్రుతి నిలిచిన ఇద్దరు పిల్లల మధ్య కూర్చోబెట్టండి. మైకు ఇవ్వొద్దు, "నువ్వు పాడకు, పెదవులాడించు" అని కార్యక్రమాలప్పుడు అనొద్దు. ఆ ఒక్క మాటతో జన్మంతా పాట మానేసినవాళ్లున్నారు. వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే కూడా పలకడం లేదంటే మాత్రం చెవి డాక్టరుకు చూపించమని తల్లికి చెప్పండి.

ప్రశ్న: వయొలిన్‌లో డిప్లొమా చేస్తున్నాను. స్కూళ్లలో ఎక్కడ అడిగినా గాత్రం చెప్పేవాళ్లు కావాలంటున్నారు. నేను గాత్రం కూడా నేర్చుకోవాలా? చిన్నపిల్లలకు ఏ సైజు వయొలిన్ కొనిపించాలి?
– రాజమహేంద్రవరం

కచేరీ స్థాయి గాత్రం అక్కర్లేదు. మీరు వాయించే ప్రతి గీతం, స్వరజతి, వర్ణం సాహిత్యంతో శ్రుతిలో పాడి, తాళం వేసి చూపించగలగాలి. అంతవరకు రావాలి, తప్పదు. వయొలిన్ చెప్పడానికైనా పాడి చూపించకుండా కుదరదు. పాడగలిగిన ముక్కనే పిల్లవాడి విల్లు సరిగ్గా వాయిస్తుంది. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైనప్పుడు వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పుట్టిన విద్య మీది. దాన్ని తక్కువ చేసుకోకండి. బడిలో మీకున్న లాభం కూడా గుర్తించండి. పిల్లల స్థాయిలో స్వరం ఇవ్వడానికి మీ చేతిలో వాద్యం ఉంది.

సైజు వయసును బట్టి కాదు, చేతిని బట్టి. చెయ్యి పక్కకు చాపించి మెడ నుంచి అరచేతి మధ్య దాకా టేపుతో కొలవండి. సుమారుగా 18 అంగుళాలుంటే పావు సైజు, 20 అంగుళాలకు అర సైజు, 22కు ముప్పావు, 23 దాటితే పూర్తి సైజు. మన పద్ధతిలో బాసింపట్టు వేసి కూర్చుని వయొలిన్ తలను కుడి చీలమండ మీద ఆనిస్తాం కాబట్టి కాలు కూడా చూడాలి. తల అక్కడికి అందక పిల్లవాడు నడుము వంచుతున్నాడంటే కూర్చునే తీరు ముందు సరిచేయాలి. "పెరుగుతాడు కదా" అని పెద్ద సైజు కొనే తల్లిదండ్రులను నచ్చజెప్పి ఆపండి. నాలుగో వేలు అందక మణికట్టు మెలితిరిగే అలవాటు ఒకసారి పడితే వదిలించడానికి ఏళ్లు పడుతుంది.

ప్రశ్న: డిప్లొమా అయ్యాక ఉద్యోగాలు ఎక్కడెక్కడ ఉంటాయి? బీఈడీ కావాలా? కాలేజీ లెక్చరర్ కావాలంటే ఏం చదవాలి?
– పలువురు

ప్రభుత్వ సంగీత కళాశాలల్లో నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా మన రెండు రాష్ట్రాల్లోనూ పాత బాట. దాంతో మంచి విద్య వస్తుంది. ఉద్యోగ ప్రకటనలు మాత్రం చాలాచోట్ల 'డిగ్రీ' అనే మాట దగ్గర ఆపేస్తాయి. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రాథమిక సంగీత ఉపాధ్యాయ పోస్టుకు ఇంటర్ 50 శాతం మార్కులతో పాటు సంగీతంలో బ్యాచిలర్ డిగ్రీ లేదా సమానమైన అర్హత అడుగుతూ వచ్చారు, ఇంగ్లిష్ లేదా హిందీ మాధ్యమంలో బోధించగలగాలి. నవోదయ విద్యాలయాల్లోనూ సంగీతం పోస్టులుంటాయి. తెలంగాణ గురుకులాల నియామక బోర్డు 2023లో సంగీత ఉపాధ్యాయులకు ప్రకటన ఇచ్చింది. మీ డిప్లొమాను డిగ్రీకి సమానంగా లెక్కిస్తారా లేదా అన్నది ప్రతి ప్రకటనలోనూ వేరుగా ఉంటుంది. అర్హతల పేరా అక్షరం అక్షరం చదవండి, బీఈడీ సంగతి కూడా అక్కడే తేలుతుంది. డిప్లొమా చేస్తూనే మామూలు డిగ్రీ పూర్తి చేసుకోండి. అది లేక ఆగిపోయిన మంచి గాయకులు చాలామంది.

కాలేజీకైతే సంగీతంలో పీజీ 55 శాతం మార్కులతో, ఆపైన నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేదా రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, తిరుపతి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లో ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరుతో ఉన్న తెలుగు విశ్వవిద్యాలయం పీజీకి మనకు దగ్గరి చోట్లు. నెట్‌లో సంగీతం సబ్జెక్టు కోడ్ 16. మొదటి పేపరు 50 ప్రశ్నలు, రెండోది 100, ప్రశ్నకు 2 మార్కులు, రెండూ కలిపి మూడు గంటలు, తప్పు జవాబుకు కోత లేదు. కర్ణాటక సంగీతం మాత్రమే చదివి వెళితే చాలదు. హిందుస్తానీ పదజాలం, భరతుడి నాట్యశాస్త్రం, శార్ఙ్గదేవుడి సంగీత రత్నాకరం కూడా చదవాలి. మనవాళ్లు మార్కులు పోగొట్టుకునేది అక్కడే. యూజీసీ 2018 నిబంధనల్లో కళాకారులకు ఇంకో దారి కూడా ఉంది. డిగ్రీ ఉండి, పేరున్న గురువుల దగ్గర నేర్చుకుని, ఆకాశవాణి లేదా దూరదర్శన్‌లో 'ఏ' గ్రేడు పొంది, విషయాన్ని శాస్త్రంతో ఉదాహరణలతో చెప్పగలిగిన కళాకారులు కూడా అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు అర్హులే.

18 నుంచి 25 ఏళ్ల లోపువారు కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్‌ను కూడా గమనిస్తూ ఉండండి. రెండేళ్లపాటు నెలకు 5,000 రూపాయలు ఇస్తారు, గురువు దగ్గర సాధన కొనసాగించడానికి పనికొస్తుంది.

ప్రశ్న: డాలస్‌లోని తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో చెబుతున్నాను. కలిసి పాడితే గందరగోళం, శ్రుతి మధ్యమధ్య మాయమవుతోంది.
– గుంటూరు

ఇంటర్నెట్‌లో ఇద్దరు కలిసి పాడటం కుదరదండీ. ధ్వని వెళ్లి రావడానికి పట్టే ఆలస్యం వల్ల తాళం ఎప్పుడూ తప్పుతుంది, ఎంత మంచి కనెక్షన్ ఉన్నా అంతే. మీరు పాడినప్పుడు పిల్ల మైకు ఆపాలి, పిల్ల పాడినప్పుడు మీరు ఆపాలి. ఒక రకంగా ఇది మేలే, మీరు పాడకుండా వినక తప్పదు. శ్రుతి మాయమవడానికి కారణం వేరు. ఎడతెగని మోతను ఆ యాప్‌లు ఫ్యాన్ చప్పుడు అనుకుని తీసేస్తాయి. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' ఆన్ చేయండి, పిల్లల వైపు కూడా చేయించండి. శ్రుతి ఇద్దరి ఇళ్లలోనూ విడివిడిగా మోగాలి. తాళం మీ చేతిని చూసి కాదు, తన చేతిని తానే వేయాలి. కెమెరాలో ముఖంతో పాటు ఆ చెయ్యి కూడా కనిపించేలా కూర్చోబెట్టండి.

వేళల్లో ఒక చిక్కుంది. డాలస్‌కూ మనకూ ఎండాకాలంలో పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. మనకు శనివారం పొద్దున 7 అయితే అక్కడ శుక్రవారం రాత్రి 8.30 లేదా 7.30. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు మారతాయి, ఆ వారాల్లో ముందే మెసేజ్ పెట్టండి.

ప్రశ్న: రోజుకు ఆరు పీరియడ్లు. సాయంత్రానికి గొంతు బొంగురు. సాధన మానుకోవాల్సి వస్తోంది.
– కరీంనగర్

పాటకంటే అరుపే గొంతును ఎక్కువ తింటుంది. క్లాసును నిశ్శబ్దం చేయడానికి నోరు వాడకండి. చప్పట్లతో ఒక తాళం ముక్క కొట్టండి, పిల్లలు తిరిగి అదే కొట్టాలి, అప్పటికి అందరూ మీ వైపు చూస్తారు. నడుముకు కట్టుకునే చిన్న మైకు కొనుక్కోండి, స్కూలు ఇస్తుందేమోనని ఎదురుచూడకండి. వరసగా మూడు పీరియడ్లుంటే మధ్యది తాళం, స్వరలిపి (స్వరాలు రాయడం), వినికిడి పాఠంగా పెట్టుకోండి. గొంతు పట్టేసిన రోజు గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి కాదు, చాలామందికి దాంతో ఇంకా బిగుస్తుంది. మెల్లగా మామూలు గొంతుతో మాట్లాడటం లేదా పూర్తిగా మౌనం మేలు. నీళ్లు పీరియడుకు రెండు గుక్కలు చొప్పున రోజంతా తాగండి, సాయంత్రం ఒకేసారి చెంబెడు తాగితే ఆ ఫలితం ఉండదు. సాధనను పొద్దున బడికి ముందుకు మార్చుకోండి, ఇరవై నిమిషాలైనా మంద్ర మధ్య స్థాయిల్లో. జీర మూడు వారాలు దాటినా తగ్గకపోతే మిరియాల కషాయాలతో కాలక్షేపం చేయకుండా ఈఎన్‌టీ డాక్టరు దగ్గర స్వరపేటికను చూపించుకోండి.